వైద్యవిద్యకు అధికారి ఎవరు?

ఒక విద్యను అభ్యసించడానికి ఎవరు తగినవారన్న ప్రశ్నను భారతీయ దర్శనాలు ‘అధికారం’ పేరిట విచారించాయి. గ్రంథం మొదట్లోనే విషయం, ప్రయోజనం, సంబంధంతో పాటు అధికారి ఎవరో చెప్పడం శాస్త్రకారుల ఆనవాయితీ. వైద్యవిద్య విషయంలో ఈ ప్రశ్న ఇప్పటికీ తెగలేదు. తీర్పు చెప్పే పనిని మాత్రం ప్రస్తుతానికి నీట్ ర్యాంకుకు అప్పగించారు. పదో తరగతిలో మార్కులు తక్కువ వచ్చినవారు, ఇంటర్ ఒకసారి తప్పినవారు, పెళ్లి వల్లనో కూలి వల్లనో చదువు ఆగి పాతికేళ్లు దాటాక మళ్లీ పుస్తకం పట్టినవారు, నర్సుగా పనిచేస్తూ డాక్టరు కావాలనుకునేవారు ఈ తీర్పు ముందు సాధారణంగా ఓడిపోతారు. మార్కులు రాకపోవడం అధికారం లేకపోవడంతో సమానమా అన్నదే అసలు ప్రశ్న.

ఖమ్మం నుంచి కొత్తగూడెం మీదుగా భద్రాచలం, అక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్ల దాటి ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వరకు పరుచుకున్న అటవీ ప్రాంతంలో ఈ ప్రశ్నకు తీవ్రత ఎక్కువ. కోయలు, కొండరెడ్లు, నాయకపోడులు, సరిహద్దు దాటి వచ్చి స్థిరపడిన గుత్తికోయలు ఇక్కడ ఉంటారు. మలేరియా ఈ ఏజెన్సీకి పాత శత్రువు. దారి లేని గూడేల నుంచి గర్భిణులను డోలీ కట్టి మోసుకొచ్చిన వార్తలు ప్రతి వానాకాలంలోనూ వస్తాయి. వైద్యుడు కావాలన్న కోరికా, వైద్యుడి కోసం ఎదురుచూపూ ఒకే గూడెంలో ఉన్నప్పుడు అధికార విచారణ పండితుల చర్చగా మిగలదు.

ఈ నేల మీద ఉన్న మత సంప్రదాయం ఒక జవాబు ఇచ్చే ఉంది. భద్రగిరి మీద విగ్రహాలను మొదట కనుగొని పందిరి వేసి పూజించింది పోకల దమ్మక్క అనే గిరిజన భక్తురాలని స్థలపురాణం చెబుతుంది. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న 17వ శతాబ్దంలో ఆలయం కట్టించడం ఆ తరువాతి కథ. కూనవరం దగ్గర గోదావరిలో కలిసే నదిని జనం శబరి పేరుతోనే పిలుస్తారు. వాల్మీకి అరణ్యకాండలో శబరి మతంగ మహర్షి ఆశ్రమంలో గురుసేవ చేసి సిద్ధి పొందిన తపస్విని. ఎంగిలి పండ్ల కథ వాల్మీకంలో లేదు, తరువాతి సంప్రదాయంలో చేరింది. దమ్మక్క, శబరి కథలు రెండింటి సారమూ ఒకటే: భక్తికి కులంతో, చదువుతో, వయసుతో పని లేదు.

అయితే ఈ జవాబును వైద్యానికి యథాతథంగా వర్తింపజేయడం కుదరదు. భక్తిలో తప్పు జరిగితే భగవంతుడు మన్నిస్తాడని భక్తుడు నమ్ముతాడు. మందు మోతాదులో తప్పు జరిగితే పోయేది రోగి ప్రాణం, ఆ తప్పును మన్నించే హక్కు వైద్యుడికి గానీ అతణ్ని చేర్చుకున్న కళాశాలకు గానీ లేదు. ప్రేమ, సేవాభావం ఉన్నాయి కాబట్టి వైద్యుడు కావచ్చు అనే వాదం వినడానికి బాగుంటుంది, కానీ అది పేదవాడికి నాసిరకం వైద్యం చాలునన్న చోటికి జారిపోతుంది. అడవిలో జబ్బుపడ్డ మనిషికీ హైదరాబాదులో జబ్బుపడ్డ మనిషికీ ఒకే స్థాయి వైద్యుడు కావాలి. అందువల్ల ఈ చర్చకు భక్తి శాస్త్రం కన్నా కర్మను విచారించే శాస్త్రమే, అంటే పూర్వమీమాంసే, ఎక్కువ ఉపయోగపడుతుంది.

జైమిని మీమాంసా సూత్రాల్లో ఆరో అధ్యాయం పూర్తిగా అధికార విచారణకే కేటాయించినది. ఒక కర్మకు అధికారి కావాలంటే ఫలం మీద కోరిక ఉండాలి, చేయగల శక్తి ఉండాలి, కావలసిన జ్ఞానం ఉండాలి, నిషేధం ఉండకూడదు. అర్థిత్వం, సామర్థ్యం, విద్వత్తు, అపర్యుదాసం అని మీమాంసకులు వీటిని లెక్కిస్తారు. ఆ అధ్యాయం తొలి పాదంలోనే ఎంతో విలువైన చర్చ ఒకటి ఉంది. యజ్ఞానికి ధనం కావాలి కదా, ధనం లేనివాడికి అధికారం ఉందా? ధనవంతుడికే అని పూర్వపక్షం. సిద్ధాంతం దాన్ని కొట్టివేస్తుంది. ధనం ఉండటం, లేకపోవడం నిత్యం కావు. నేడు లేనివాడు రేపు సంపాదించుకోవచ్చు. కాబట్టి పేదరికం అధికారాన్ని రద్దు చేయదు. అవయవ లోపం విషయంలోనూ ఇదే తర్కం: నయమయ్యే లోపం అధికారాన్ని పోగొట్టదు, పుట్టుకతో వచ్చి నయం కానిదైతేనే అడ్డు. లోపం ఉందా లేదా అని అడిగి ఊరుకోకుండా, ఆ లోపం నిత్యమా అనిత్యమా అని అడగడం మీమాంసకుల గొప్పదనం.

తక్కువ మార్కులకు ఈ కొలత పెట్టి చూస్తే విషయం చాలావరకు తేలుతుంది. ఇంట్లో కోయ భాష మాట్లాడే పిల్లవాడు ఆశ్రమ పాఠశాలలో తెలుగులో చదువు మొదలుపెడతాడు. ఇంటర్ బైపీసీకి వచ్చేసరికి ఇంగ్లిషు మాధ్యమం ఎదురవుతుంది. నీట్ తెలుగులోనూ రాయవచ్చు గానీ ఎంబీబీఎస్ పాఠ్యం ఇంగ్లిషులోనే. పట్నంలో అదే వయసు పిల్లవాడు ఎనిమిదో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సులో ఉంటాడు, ఒకసారి సీటు రాకపోతే లాంగ్ టర్మ్‌లో చేరతాడు. ఆ ఏడాదికయ్యే కోచింగ్, హాస్టల్ ఖర్చు కూలి కుటుంబం తలకెత్తుకోగలిగింది కాదు. 720 మార్కుల పరీక్షలో ఈ ఇద్దరి మధ్య కనిపించే తేడాలో ఎంత భాగం బుద్ధిది, ఎంత భాగం సౌకర్యానిది అన్నది ఆ పరీక్ష చెప్పదు, చెప్పడానికి అది తయారు కాలేదు కూడా. సౌకర్యం నుంచి పుట్టిన లోపం అనిత్యం. భౌతికశాస్త్రంలో వెనకబాటు సరైన బోధనతో పూడేదే. అలాంటి లోపాన్ని చూసి జీవితాంతానికి అనర్హుడని తేల్చడం, ధనవంతుడికే యజ్ఞాధికారం అన్న పూర్వపక్షాన్ని సిద్ధాంతంగా స్వీకరించడమే.

ఇదే తర్కానికి రెండో అంచు కూడా ఉంది. పేదరికం అధికారాన్ని తీసివేయదన్నప్పుడు, ధనం తనంతట తాను అధికారాన్ని ఇవ్వదు కూడా. తెలంగాణ ప్రైవేటు వైద్య కళాశాలల్లో సీట్లు కన్వీనర్, యాజమాన్య, ఎన్నారై కోటాలుగా 50, 35, 15 శాతం చొప్పున విడిపోయి ఉన్నాయి. యాజమాన్య కోటా సీటుకు ఏడాది ఫీజు పది లక్షల రూపాయలు దాటుతుంది. ఆ సీట్లు పొందేవారూ నీట్ అర్హత సాధించినవారే, కానీ వారికన్నా మంచి ర్యాంకు ఉండి డబ్బు లేక ఆగిపోయినవారు ఎందరో. రిజర్వేషన్ సీటులో తక్కువ మార్కులు చూసి ప్రతిభ దెబ్బతిన్నదని బాధపడేవారు డబ్బు సీటులో అదే తక్కువ మార్కులను తరచుగా గమనించరు. తత్త్వదృష్టిలో ఈ రెండో సడలింపుకే సమర్థన దొరకడం కష్టం. అది సామాజిక అన్యాయాన్నీ సరిదిద్దదు, రోగికీ మేలు చేయదు.

శాస్త్రం పేరుతో తలుపులు మూసిన చరిత్రను దాచడం సరికాదు. మీమాంసలోనే బాదరి అనే ఆచార్యుడు ఫలం కోరే ప్రతివాడికీ, శూద్రుడితో సహా, కర్మాధికారం ఉందని వాదించాడు. జైమిని ఆ మతాన్ని ఉదహరించి తోసిపుచ్చాడు. బ్రహ్మసూత్రాల అపశూద్రాధికరణానికి భాష్యం రాస్తూ శంకరులు లౌకికమైన శక్తి ఒక్కటే చాలదని, శాస్త్రీయమైన సామర్థ్యం కావాలని, అది ఉపనయనం, వేదాధ్యయనం లేనిదే రాదని అన్నారు. ఇక్కడ తర్కం వలయంగా తిరుగుతుంది. చదవనివ్వరు కాబట్టి సామర్థ్యం రాదు, సామర్థ్యం లేదు కాబట్టి చదవనివ్వరు. ఈ వలయం శాస్త్ర గ్రంథాలతో ముగిసిపోలేదు. మంచి బడి లేక మార్కులు రాకపోవడం, మార్కులు లేక మంచి కళాశాల రాకపోవడం, ఆ కళాశాలలో చదివినవారు ఆ బడి ఉన్న ఊరికి రాకపోవడం అదే వలయానికి నేటి రూపం.

అడవి మనిషి విషయంలో గ్రంథాలు ఏకకంఠంతో లేవు. మహాభారతం ఆదిపర్వంలో నిషాదరాజు హిరణ్యధన్వుడి కొడుకు ఏకలవ్యుణ్ని ద్రోణుడు నిషాదుడన్న కారణంతోనే శిష్యుడిగా స్వీకరించలేదు. సామర్థ్యం లేదన్నది కారణం కాదని తరువాతి కథే రుజువు చేసింది. ఉన్న సామర్థ్యాన్ని బొటనవేలితో పాటు తీసేసుకున్నారు. గిరిజన విద్యార్థుల కోసం కేంద్రం నడిపే ఆదర్శ గురుకులాలకు అతని పేరే పెట్టారు. దీనికి భిన్నంగా మీమాంసలో నిషాదస్థపతి న్యాయం ఉంది. నిషాదస్థపతి చేత ఒక యాగం చేయించాలని వేదవాక్యం. ఆ స్థపతి నిషాదులను ఏలే పై వర్ణపు నాయకుడా, స్వయంగా నిషాదుడైన నాయకుడా అని సందేహం వచ్చింది. మొదటి అర్థం చెప్పుకొంటే నిషాదుడికి అధికారం ఇవ్వనవసరం లేదు, చిక్కు తీరిపోతుంది. కానీ మాటకు ముఖ్యార్థం కుదురుతుండగా గౌణార్థం పట్టకూడదు కాబట్టి స్వయంగా నిషాదుడే అధికారి అని మీమాంసకులు నిర్ణయించారు. అతనికి వేదాధ్యయనం లేదు కదా అన్న ఆక్షేపణకు, ఆ యాగానికి కావలసినంత మేరకు అతనికి నేర్పాలని సమాధానం. ముందు అధికారం గుర్తించి, దానికి తగిన విద్యను తరువాత సమకూర్చే ఈ క్రమం నేటి ప్రవేశ విధానానికి సరిగ్గా తలకిందులు. తమ వర్ణ వ్యవస్థకు ఇబ్బందికరమైన నిర్ణయాన్ని కూడా తర్కానికి కట్టుబడి అంగీకరించిన ఆ నిజాయతీ గౌరవించదగినది.

వైద్య గ్రంథాలు శిష్యుణ్ని ఎలా ఎంచుకోవాలో సూటిగానే చెబుతాయి. చరకసంహిత విమానస్థానం ఎనిమిదో అధ్యాయం శిష్య పరీక్షలో ప్రశాంతత, క్షుద్రత లేకపోవడం, ధారణశక్తి, లోభం లేకపోవడం, సర్వభూతహితం వంటి గుణాలను కోరుతుంది. కళ్లు, ముక్కు, నాలుక తీరును కూడా చూడమంటుంది, ఆ భాగాన్ని నేడు పాటించవలసిన అవసరం లేదు. ఆ పట్టికలోనే ముఖ్యమైన వికల్పం ఒకటి ఉంది: శిష్యుడు వైద్యవిద్య తెలిసిన కుటుంబంలో పుట్టినవాడై ఉండాలి, లేదా ఆ విద్యకు తగిన నడవడి ఉన్నవాడై ఉండాలి. ఇంట్లో డాక్టరు లేని మొదటి తరం విద్యార్థికి ఆ ‘లేదా’లో చోటు ఉంది. సుశ్రుతసంహిత సూత్రస్థానం రెండో అధ్యాయం ఇంకో అడుగు ముందుకు వేసి, గుణవంతుడైన శూద్రుడికి మంత్రం, ఉపనయనం లేకుండానే ఆయుర్వేదం నేర్పవచ్చన్న కొందరి మతాన్ని నమోదు చేసింది. యాగశాలలో మూసిన తలుపు వైద్యశాలలో కొంచెమైనా తెరుచుకోవడానికి కారణం ఊహించవచ్చు. యజ్ఞఫలం కనబడదు. వైద్యఫలం రోగి లేచి నడవడంలో అందరికీ కనబడుతుంది. ఫలం కళ్లెదుట తేలిపోయే విద్యలో పుట్టుకను సాక్ష్యంగా నిలబెట్టడం కష్టం.

వైద్యుడికి చరకుడు నాలుగు గుణాలు చెప్పాడు: శాస్త్రంలో స్పష్టమైన జ్ఞానం, కర్మను పలుమార్లు చూసిన అనుభవం, దక్షత, శుచిత్వం. ప్రవేశ పరీక్ష తాకేది మొదటిదాని అంచును మాత్రమే, అది కూడా వైద్యశాస్త్రం కాదు, దాని ముందుండే భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు. మిగతా మూడు గుణాలు కళాశాలలో చేరాక పుట్టేవి. సుశ్రుతుడు శిష్యుల చేత గుమ్మడి, సొర వంటి కాయల మీద కోత సాధన చేయించమన్నాడు. శాస్త్రం చదివి కర్మాభ్యాసం చేయనివాడు అయోగ్యుడే అన్నాడు. విద్య ముగిశాక రాజు అనుమతి పొందిన తరువాతే వైద్యుడు వృత్తిలోకి వెళ్లాలని నియమం. గట్టి కాపలా ఉండవలసింది బయటికి వెళ్లే ద్వారం దగ్గర అని ఆ గ్రంథాల మొగ్గు.

నేటి వ్యవస్థలో ఆ కాపలా లేకపోలేదు. ఏ కోటాలో చేరినా వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోని విద్యార్థులందరూ అది పెట్టే ఒకే ప్రశ్నపత్రం రాస్తారు, ఒకే ఉత్తీర్ణత మార్కు దాటాలి. 2023 నాటి జాతీయ నిబంధనల ప్రకారం మొదటి సంవత్సరం పరీక్షకు నాలుగు అవకాశాలే, మొత్తం కోర్సు తొమ్మిదేళ్లలో పూర్తి కావాలి. ఎస్టీ సీటులో చేరినవారికి వేరే డిగ్రీ లేదు, వేరే ఉత్తీర్ణత లేదు. రోగి భద్రతకు సంబంధించిన అభ్యంతరం న్యాయమైనదే, కానీ దానికి సమాధానం చెప్పవలసింది ఈ పరీక్షలూ, హౌస్‌ సర్జన్సీలో ఇచ్చే శిక్షణా. ఇవి సడలితే నీట్‌లో మొదటి ర్యాంకు కూడా రోగిని కాపాడదు.

ప్రవేశ మార్కులకూ తుది ఫలితానికీ ఉన్న సంబంధం మీద ప్రసిద్ధమైన ఉదాహరణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ వైద్య కళాశాల. అక్కడ 100 సీట్లలో 16 ప్రత్యేక ప్రవేశాలకు ఉంచారు. ముప్పై దాటిన ఇంజనీరు అలన్ బకీ 1973లో, 1974లో దరఖాస్తు చేసి సీటు రాక కోర్టుకెక్కాడు. అమెరికా సుప్రీంకోర్టు 1978లో ఆ 16 సీట్ల కోటాను కొట్టివేసి, అతన్ని చేర్చుకోమంది. జాతిని ఒక అంశంగా చూడవచ్చని కూడా అప్పుడు అంది. ఆ కేసులో వయసు మీరిన అభ్యర్థి, వెనకబడిన వర్గం అభ్యర్థి ఎదురెదురుగా నిలబడటం విచారకరం, ఎందుకంటే ఇద్దరూ వేరువేరు కారణాలతో మామూలు దారికి బయట ఉన్నవారే. అదే కళాశాలలో ఇరవై ఏళ్ల ప్రవేశాలను పరిశీలించిన అధ్యయనం 1997లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. ప్రత్యేక పరిగణనతో చేరినవారిలో 94 శాతం, మామూలుగా చేరినవారిలో అంతకన్నా కొద్దిగా ఎక్కువ మంది పట్టా పొందారు. తొలి సంవత్సరాల పరీక్షల్లో ఉన్న తేడా వృత్తి జీవితంలోకి వచ్చేసరికి దాదాపు కనబడకుండా పోయింది.

భారతదేశంలోనూ ఈ వివాదానికి వైద్య ప్రవేశాలే పుట్టినిల్లు. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో కులాలు, మతాల వారీగా సీట్లు పంచిన మద్రాసు రాష్ట్రపు కమ్యూనల్ జీవోను సుప్రీంకోర్టు కొట్టివేసింది. వైద్య కళాశాల సీటే ఆ వ్యాజ్యానికి మూలం. వెంటనే మొదటి రాజ్యాంగ సవరణ ద్వారా, వెనకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లను అనుమతించే 15(4) అధికరణం వచ్చింది. అప్పటికి భద్రాచలం ఆ మద్రాసు రాష్ట్రంలోదే. తూర్పు గోదావరి జిల్లా నుంచి ఖమ్మంలో కలిసింది 1959లో. 2022 జనవరిలో నీల్ ఆరేలియో నూనెస్ కేసులో సుప్రీంకోర్టు, బహిరంగ పోటీ పరీక్షలో వచ్చిన మార్కులొక్కటే ప్రతిభ కాదని, కొన్ని వర్గాలకు తరతరాలుగా కలిసివచ్చిన సామాజిక, ఆర్థిక, సాంస్కృతిక అనుకూలతలు ఆ మార్కుల్లో కనబడవని వివరించింది. ఆ ఏడాదే తెలంగాణలో ఎస్టీ రిజర్వేషన్ 6 శాతం నుంచి 10 శాతానికి పెరిగింది. కొత్తగూడెంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో, ఖమ్మంలో 2023లో మొదలయ్యాయి. అంతకుముందు ఉమ్మడి ఖమ్మం జిల్లాకు 1998 నాటి ప్రైవేటు మమత కళాశాల ఒక్కటే దిక్కు.

వయసు విషయంలో అడ్డు తొలగిపోయింది. ఒకప్పుడు 25 ఏళ్లు, రిజర్వుడు వర్గాలకు 30 ఏళ్లు గరిష్ఠ పరిమితి అన్న నిబంధన ఉండేది; 2022లో జాతీయ వైద్య కమిషన్ దాన్ని ఎత్తివేసింది. ఎన్నిసార్లైనా నీట్ రాయవచ్చు. ఇంటర్‌లో జీవశాస్త్రం లేనివారు తరువాత అదనపు సబ్జెక్టుగా చదివినా అర్హులేనని 2023 చివర్లో కమిషన్ అంగీకరించింది. వయోపరిమితిని అధికారికంగా ఎత్తివేయకముందే, ఒడిశాలో బ్యాంకు ఉద్యోగం నుంచి విరమణ పొందిన 64 ఏళ్ల వ్యక్తి 2020లో నీట్ రాసి బుర్లా ప్రభుత్వ వైద్య కళాశాలలో చేరారు. దీని మీద వచ్చిన విమర్శ ఆలోచించదగినదే: ఎక్కువ ఏళ్లు సేవ చేయగల యువకుడి సీటు పోయింది కదా అని. సీటును సమాజపు పెట్టుబడిగా మాత్రమే చూస్తే ఆ విమర్శ నిలుస్తుంది. మీమాంసకుల మొదటి షరతు అర్థిత్వం, అంటే కర్త స్వయంగా ఫలాన్ని కోరడం, ఇక్కడ అడ్డుపడుతుంది. విద్యార్థి కోరికకు సొంత విలువ ఉంది. అతని అధికారం ఇతరులకు కలిగే లాభాన్ని బట్టి మాత్రమే నిర్ణయమయ్యేది కాదు.

ఈ సంగతి గిరిజన విద్యార్థి విషయంలో మరీ ముఖ్యం. అతనికి సీటు ఎందుకంటే తిరిగి అడవికి వెళ్లి పనిచేస్తాడు కాబట్టి అని చెప్పడం మామూలైపోయింది. అందులో నిజం ఉంది. గ్రామీణ నేపథ్యం ఉన్నవారిని వైద్యవిద్యలో చేర్చుకుంటే వారు గ్రామాల్లో పనిచేసే అవకాశం ఎక్కువంటూ, అలా చేర్చుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సిఫార్సు చేసింది, 2021లో మళ్లీ చెప్పింది. కోయ తెలిసిన వైద్యుడికి రోగి నొప్పి ఎక్కడుందో నేరుగా చెబుతాడు, దుబాసీ అక్కర్లేదు. అయినా పట్నపు విద్యార్థిని ఎవరూ అడగని హామీని అడవి బిడ్డను మాత్రమే అడగడం న్యాయం కాదు. చర్లలో పుట్టిన అమ్మాయికి గుండె శస్త్రవైద్యురాలై హైదరాబాదులో స్థిరపడే అధికారం కూడా ఉంది. అడవికి వైద్యులను పంపే బాధ్యత ప్రభుత్వానిది, వైద్య సీట్లలో చేరినవారందరిది. అది ఒక వర్గం పిల్లల నెత్తిన మాత్రమే పెట్టదగినది కాదు. ఎస్టీ వర్గంలోనూ అందరి స్థితి ఒకటి కాదు. రహదారి పక్క ఊళ్ల పిల్లలకు అందే సీటు కొండరెడ్డి, గుత్తికోయ గూడేలకు అందడం లేదంటే అనిత్యమైన లోపాన్ని పూడ్చే పని బడి దగ్గరే ఆగిపోయిందని అర్థం.

మిగిలింది నాలుగో షరతు, నిషేధం లేకపోవడం: ఎవరు నిజంగా అనధికారులు? నయం కాని లోపం ఏది? చరకుడి శిష్య పరీక్షను బట్టి చూస్తే క్షుద్రత, లోభం, రోగి పట్ల దయ లేకపోవడం ఆ కోవలోకి వస్తాయి. వీటిని ఓఎంఆర్ పత్రం పట్టుకోలేదు. పూర్వం గురువు దగ్గర ఏళ్ల తరబడి ఉండటంలో అవి బయటపడేవి. నేటి పాఠ్యక్రమంలో దానికి కొంత దగ్గరగా ఉన్నది కుటుంబ దత్తత కార్యక్రమం. దీని కింద ఎంబీబీఎస్ విద్యార్థి మొదటి సంవత్సరం నుంచే ఒక ఊళ్లోని కొన్ని కుటుంబాలను బాధ్యతగా తీసుకుని, వారి ఇళ్లకు వెళ్లి ఆరోగ్యం చూడాలి. గూడెంలో మట్టి అరుగు మీద కూర్చుని ముసలమ్మ చెప్పేది ఓపిగ్గా వినగలిగేది ఎవరో, గడియారం చూసుకునేది ఎవరో అక్కడ తెలుస్తుంది. నీట్‌లో ఎవరికి ఎన్ని మార్కులు వచ్చాయన్నది అక్కడ ఎవరూ అడగరు.